కన్వర్ట్ చెయ్యి గానీ, డిలీట్ చెయ్యకు

సత్యనారాయణపురం, విజయవాడ

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న దీవెనలు.

నిన్న మీ నాన్న ఫోన్లో మాటల మధ్య, "అది హార్డ్ డిస్కులో పాటలన్నీ ఎంపీ3 చేస్తానంటోంది, పాతవి తీసేస్తే డిస్కు ఖాళీ అవుతుందట" అన్నాడు. మీ పిల్లల్లో ఆ డిస్కు జోలికెళ్ళింది నువ్వొక్కదానివే. ఎంత పొంగిపోయానో చెప్పను, చెబితే నెత్తికెక్కుతావు. కానీ ఆ "పాతవి తీసేస్తే" అన్న ముక్కకి రాత్రి నిద్ర పట్టలేదు.

పని పెద్దదేం కాదు. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేరులో ఫైలు తెరిచి ఎక్స్‌పోర్ట్ కొట్టడమే. వందలకొద్దీ ఉంటే కమాండ్లతో ఫైళ్ళు మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో ఒకేసారి మార్చుకో, కమాండ్లు నీకు నేను నేర్పేదేముంది. ముందు మాత్రం డిస్కు మొత్తానికి ఇంకో కాపీ తియ్యి. అది మా ఇంట్లో ఉండాలి. ఉన్న డిస్కుని బెజవాడ ఎండల్లో కారులో వదిలెయ్యకు.

ఇక నా నిర్వాకం విను.

2004లో నా కంప్యూటరుకి 40 జీబీ డిస్కు. మీ నాయనమ్మ పాడిన మంగళహారతుల క్యాసెట్ ఒకటుండేది, 60 నిమిషాలది. చెరగకూడదని మీ తాతయ్య దాని వీపున ప్లాస్టిక్ బిళ్ళలు విరగ్గొట్టి ఉంచారు. టేప్ రికార్డరు నుంచి వైరు వేసి, పీటల మీద పెళ్ళికొడుకులా గంటసేపు కదలకుండా కూర్చుని ఎక్కించాను. శబ్దాన్ని కుదించకుండా ఉన్నదున్నట్టు దాచే వేవ్ ఫైలు, సీడీ లెక్కన నిమిషానికి 10 ఎంబీ, మొత్తం 600. డిస్కేమో సినిమాలతో కిక్కిరిసి ఉంది. 64 కేబీపీఎస్, అంటే సెకనుకి 64 కిలోబిట్ల ఎంపీ3 చేస్తే 29 ఎంబీకి దిగింది. నా తెలివికి నేనే మురిసిపోయి వేవ్ చెరిపేశాను. అక్కడితో ఆగానా? ఆ క్యాసెట్ కన్నాలకి సెల్లోటేపు అంటించి మరీ, దాని మీద మీ పెద్దక్క బారసాల రికార్డు చేశాను.

అమ్మ హారతి తిప్పుతూ పాడేది కదా, చరణం చివర గాజులు పళ్ళేనికి తగిలేవి. సన్నగా, గొలుసు జారినట్టు. చెవి పట్టించుకోదనుకున్నదాన్ని వదిలేసి ఫైలు చిన్నది చెయ్యడమే ఎంపీ3 పని. 64కి దింపితే ముందు కోసేది అలాంటి సన్నటి శబ్దాలనే. మరుసటి సంక్రాంతికి వింటే గాజుల చోట ఇసుక రాసినట్టు గరగర. అమ్మ "శ్రీ" అన్నప్పుడల్లా నీళ్ళలోంచి అన్నట్టుంది. ఏమీ వదలకుండా కుదించే ఫ్లాక్ ఫైలు చేస్తే బాగుపడుతుందని ఎవరో అంటే అదీ చేశాను. ఫైలు లావెక్కింది, గాజులు రాలేదు.

అందుకే నువ్వు వేవ్‌లను ఫ్లాక్ చెయ్యి. ఇంచుమించు సగానికి దిగుతాయి, ఒక్క బిట్టూ పోదు, కావాలంటే మళ్ళీ వేవ్ చేసుకోవచ్చు. మీ నాన్న కారు ఫ్లాక్ పాడకపోతే దాన్నుంచి 320 కేబీపీఎస్ ఎంపీ3లు విడిగా తీసి పెన్‌డ్రైవ్‌లో వెయ్యి. ఫైలు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టు, కొన్ని కారు స్టీరియోలు తెలుగుని డబ్బాలుగా చూపిస్తాయి. ఇప్పటికే ఎంపీ3గా ఉన్నవాటిని మటుకు ఎంపీ3 లాగే కోసే ఏఏసీ అనీ ఇంకోటనీ మార్చకు. రెండో డికాషన్‌తో కాఫీ కలిపినట్టే. విజయవాడ రేడియో భక్తిరంజని నుంచి మీ తాతయ్య పట్టినవి మోనో. వాటిని స్టీరియో చేస్తే రెండు చెవుల్లోనూ అదే మోగుతుంది, చోటు దండగ.

కోప్పడ్డాననుకోకు తల్లీ. ఆ డిస్కులో "ట్రాక్ 27" అని ఉన్నదే మీ నాయనమ్మ ఫైలు. ఆ పేరు పెట్టింది నేనే, తలుచుకుంటే సిగ్గేస్తోంది. దానికి ఆవిడ పేరు పెట్టు. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండో హారతి చివర ఒకసారి విను. నా చెవులు ముసలివైపోయాయి, నీవి చిన్నవి. ఎక్కడైనా గాజుల చప్పుడులాంటిది తగిలితే, ఎంత రాత్రైనా సరే, నాకు ఫోన్ చెయ్యి.

పెదనాన్న