అత్తరు బుడ్డి, డబ్బు సంచి

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మా అమ్మ వితంతువు, జమ్మలమడుగు దగ్గర పల్లెలో ఉంటుంది. మనవడు జబ్బు నుంచి లేచినందుకు కృతజ్ఞతగా, ఏళ్ళ తరబడి చేతికున్న రెండు బంగారు గాజులను సబ్బు నీళ్ళు రాసి తీసి, ఆదివారం కానుకల సంచిలో వేసింది. ప్రొద్దుటూరులో అమ్మి ఉంటే ఆమె మోకాళ్ళ వైద్యానికో, ఊళ్ళో బీదలకో పనికివచ్చేవి కదా అని మా అన్న మండిపడుతున్నాడు. ఆ మాట విన్న ఒక ప్రసంగీకుడు అన్నను యేసును పట్టించిన శిష్యుడు ఇస్కరియోతు యూదాతో పోల్చి, అమ్మకు మాత్రం నూరంతలుగా తిరిగి వస్తుందని చెప్పాడు. ఇందులో ఎవరిది సరి? — ఒక సోదరి, కడప జిల్లా

జవాబు: సోదరీ, మీ అన్నగారిని యూదా అనడం తొందరపాటు. బేతనియ అనే ఊళ్ళో మరియ అనే స్త్రీ ఖరీదైన జటామాంసి అత్తరును యేసుకు పూసిన సంగతిని యోహాను సువార్త 12వ అధ్యాయం ఒక్కటే చదివితే, అత్తరు అమ్మి బీదలకు ఇవ్వవలసిందన్న మాట యూదా నోట మాత్రమే వచ్చినట్టు కనిపిస్తుంది. కానీ మార్కు 14వ అధ్యాయంలో అక్కడున్న కొందరు అన్నారని, మత్తయి 26వ అధ్యాయంలో శిష్యులే అన్నారని ఉంది. అంటే పేతురు, యాకోబు వంటివారు కూడా ఆ లెక్క వేసి ఉండవచ్చు. బీదలను తలచుకోవడం తప్పయితే శిష్యులందరూ తప్పు చేసినవారే. యోహాను యూదాను తప్పుపట్టింది లెక్క వేసినందుకు కాదు, శిష్యుల డబ్బు సంచి తన దగ్గర పెట్టుకొని అందులో వేసినది తానే తీసుకొంటూ ఉన్నందుకు. అత్తరు అమ్ముడుపోతే ఆ సొమ్ము ముందు ఆ సంచిలోనే పడుతుంది.

ఆ అత్తరు విలువ 300 దేనారాలు, అంటే అప్పటి రోమా వెండి నాణేలు. ద్రాక్షతోట కూలివాళ్ళ ఉపమానంలో ఒక దినపు కూలి ఒక దేనారం గనుక, విశ్రాంతి దినాలు తీసివేస్తే అది కూలికి పోయే మనిషి దాదాపు ఏడాది కష్టార్జితం. జటామాంసి హిమాలయాల్లో పెరిగే మొక్క. దాని వేళ్ళ నుంచి తీసిన తైలం యూదయ దేశం చేరేసరికి ఎంత ప్రియమై ఉంటుందో ఊహించుకోవచ్చు. మరియ అందులో నాలుగు చుక్కలు పూసి మిగిలినది బీరువాలో దాచుకోలేదు; మార్కు చెప్పినట్టు బుడ్డినే పగులగొట్టింది, ఇక మూత పెట్టే అవకాశమే లేకుండా. ఇది జరిగిన వెంటనే యూదా ప్రధానయాజకుల దగ్గరికి వెళ్ళి 30 వెండి నాణేలకు ఒప్పుకొన్నాడని మత్తయి రాశాడు. వాటిని ఒక్కొక్కటి నాలుగు దేనారాల విలువగల షెకెళ్ళనే నాణేలుగా లెక్కిస్తే సుమారు 120 దేనారాలు. మూడు వందలు వృథా అయ్యాయని బాధపడ్డ మనిషి, అందులో సగం కూడా రాని బేరానికి బోధకుణ్ణే అమ్మేశాడు.

ఇప్పుడు ఆ ప్రసంగీకుడి మాట. నాకు మీ అన్నగారి కోపం కంటే ఇదే ఎక్కువ భయం కలిగిస్తోంది. నూరంతలు వస్తుందన్న ఆశతో వేసిన గాజులు కానుక కావు, వడ్డీకి తిప్పిన సొమ్ము. మరియ ఏమీ అడగలేదు, యేసు కూడా ఆమెను అత్తరు తెమ్మని అడగలేదు, ఆ అత్తరు ఎవరి సంచిలోనూ పడలేదు. ఇల్లంతా వాసన నిండడం తప్ప అందులో మిగిలిన లాభం లేదు. తీసుకొనే చేతికి కూడా దురాశ ఉంటుంది. సిరియా సేనాధిపతి నయమాను కుష్ఠు నుంచి స్వస్థత పొంది కానుకలు తెస్తే ప్రవక్త ఎలీషా ముట్టలేదు. అతని దాసుడు గేహజీ వెనకాల పరుగెత్తి, అబద్ధమాడి, రెండు సంచుల వెండి తెచ్చుకొని కుష్ఠు పాలయ్యాడు. పైగా, బీద విధవరాలు దేవాలయపు కానుక పెట్టెలో రెండు కాసులు వేసిన సంగతికి సరిగ్గా ముందే, విధవరాండ్ర ఇళ్ళు దిగమింగే శాస్త్రుల (ధర్మశాస్త్ర బోధకుల) గురించి యేసు హెచ్చరించాడని మార్కు 12వ అధ్యాయం చూపుతుంది. ఈ రెండూ కలిపి ప్రసంగించేవారు అరుదు.

మీ అమ్మగారు ఏ ఆశతో ఇచ్చారో ఆమెనే నెమ్మదిగా అడగండి. ఆ ప్రసంగీకుడు నూరంతల మాట చెప్పింది గాజులు వేసిన తరువాతే గనుక, మీరు రాసిన దాన్నిబట్టి ఆమెది మరియ పోలికే అని నాకు తోస్తోంది. అయితే మోకాళ్ళ వైద్యం సంగతి మిగిలే ఉంది. తల్లిదండ్రులకు చేయవలసినది చేయకుండా ‘కొర్బాను’, అంటే ఇది దేవునికి అర్పించాను, అని తప్పించుకొనేవారిని యేసు మందలించాడు. కాబట్టి వైద్యం ఖర్చు ఆ గాజుల మీద కాదు, మీ మీదా మీ అన్నగారి మీదా ఉంది. ఆయన కోపంలో ఆ గాజులు ఎప్పటికైనా తన బిడ్డలకు వస్తాయన్న లెక్క కొంచెమైనా ఉందేమో ఆయనే చూసుకోవాలి, మనం చెప్పలేం. ఇక సంఘంలో కానుకల లెక్క ఎవరు చూస్తున్నారో, గాజుల తూకం పుస్తకంలో ఎక్కిందో లేదో సంఘ పెద్దలను అడిగి, అమ్మగారి పేరున రసీదు తీసుకోండి. అలా అడిగినందుకు ఎవరైనా మిమ్మల్ని కూడా యూదా అంటే, ఆ సంచి ఎవరి దగ్గర ఉందో ఇంకొకసారి అడగండి.