తెర మీద ఉంది, పేర్లలో లేదు

ప్రశ్న: నేను విశాఖపట్నంలో చదువుకుంటూ స్నేహితులతో కలిసి చిన్న సినిమాలు తీస్తుంటాను. ఈ మధ్య మా ఫిల్మ్ క్లబ్బులో 'ద వాటర్‌మెలన్ ఉమన్' అనే అమెరికన్ సినిమా వేశారు. వీడియో షాపులో పనిచేసే షెరిల్ అనే నల్లజాతి లెస్బియన్ యువతి, 1930ల సినిమాల్లో దాసీ వేషాలు వేసిన ఫే రిచర్డ్స్ అనే నటి ఎవరో తెలుసుకోవడానికి బయలుదేరుతుంది. నేనూ ఆ నటి కోసం పౌర గ్రంథాలయంలోనూ, ఇంటర్నెట్‌లోనూ వారం రోజులు వెతికాను. తీరా చూస్తే అలాంటి మనిషే లేదట! అయితే ఆనాటి నల్లజాతి క్వీర్ (స్వలింగ ప్రేమికులు మొదలైన) కళాకారులంతా కల్పనేనా? అసలువారి గురించి సినిమా తీయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక విద్యార్థిని, ద్వారకానగర్

జవాబు: మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేదు. ఆఖరి మాట తెర మీద పడేలోగా మీరు లేచి ఉంటారు. మన ఊళ్లో శుభం కార్డు పడకముందే సగం హాలు స్కూటర్ల స్టాండు దగ్గర ఉంటుంది కనుక, అదేమీ పెద్ద తప్పు కాదు. ఇది కల్పిత కథ అనీ, ఒక్కొక్కప్పుడు మన చరిత్రను మనమే కల్పించుకోవలసి వస్తుందనీ దర్శకురాలు షెరిల్ డన్యే సినిమా చివర స్వయంగా చెప్పారు. 1996లో వచ్చిన ఈ సినిమాను, ఒక నల్లజాతి లెస్బియన్ దర్శకత్వం వహించిన తొలి పూర్తి నిడివి కథాచిత్రంగా పేర్కొంటారు. 2021లో దీన్ని భద్రపరచదగిన సినిమాల జాబితా అయిన అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేర్చారు. మిమ్మల్ని నమ్మించిన ఆ పాత ఫోటోలు జోయ్ లెనార్డ్ అనే కళాకారిణి నటీనటులను నిలబెట్టి తీసి, పాతబడినట్టు తయారు చేసినవి. ఎనభై దాకా ఉన్న ఆ బొమ్మల్లో సినిమా స్టిల్సు ఉన్నాయి, ఇంట్లో స్నేహితులతో దిగినట్టున్నవీ ఉన్నాయి. వాటిని చూసి ఎవరైనా నమ్ముతారు.

ఫే రిచర్డ్స్ కల్పితమే కాని, ఆమెకు పట్టిన గతి కల్పితం కాదు. అమెరికాలో 1912 నుంచి 1929 వరకు తీసిన దాదాపు 11,000 మూకీ కథాచిత్రాల్లో, తొలుత విడుదలైన రూపంలో మిగిలినవి 14 శాతమేనని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. ఆనాటి సినిమాలకు వాడిన నైట్రేట్ ఫిల్ము ఇట్టే అంటుకుంటుంది, అంటుకోకపోతే డబ్బాలోనే కుళ్లిపోతుంది; పైగా అందులోని వెండి కోసం కరిగించినవాళ్లూ ఉన్నారు. ఇంత నష్టంలో మిగిలిన రీళ్లలోనైనా, దాసీగా తలుపు తీసే నల్లజాతి నటి పేరు చాలాసార్లు టైటిల్స్‌లో ఉండదు. 1934 నుంచి గట్టిగా అమలైన హేస్ కోడ్, అంటే హాలీవుడ్ తనకు తాను పెట్టుకున్న సెన్సారు నియమావళి, స్వలింగ ప్రేమను 'వికృతి' కింద జమకట్టి తెర మీద నిషేధించింది. తెర వెనుక అది బయటపడితే బతుకుతెరువే పోయేది కాబట్టి, ఉత్తరాలూ డైరీలూ దాచుకున్నవారి కంటే చించేసినవారే ఎక్కువై ఉంటారని ఊహించడం కష్టం కాదు.

అయినా అసలు మనుషులు దొరుకుతారు. ముందుగా గ్లాడిస్ బెంట్లీ గురించి చదవండి. 1907లో పుట్టి, పదహారో ఏట ఇల్లు విడిచి న్యూయార్క్ చేరిన ఈ గాయని, తెల్లటి సూటూ పొడవాటి టోపీ వేసుకుని అక్కడి నల్లజాతివారి పేట హార్లెంలో పియానో ముందు కూర్చుని, అందరికీ తెలిసిన పాటల వరసల్లో తుంటరి మాటలు ఇరికించి పాడేది. ఒక స్త్రీని పెళ్లాడానని బాహాటంగా చెప్పుకుంది కూడా. అటువంటి మనిషే 1952లో నల్లజాతి పాఠకుల పత్రిక ఎబొనీలో, చికిత్సతో తాను మళ్లీ 'స్త్రీ'నయ్యానంటూ వ్యాసం రాసింది. ఫోటోలో ఆమె గౌను తొడుక్కుని ఇంటిపని చేసుకుంటూ కనిపిస్తుంది. ఆ కాగితాన్ని చూసి ఆమె మనసు మారిందని రాసుకుంటారా, లేక స్వలింగ ప్రేమికులను ప్రభుత్వోద్యోగాల నుంచి ఏరిపారేస్తున్న ఆ రోజుల్లో పొట్టకూటి కోసం రాసిందనుకుంటారా? నేను రెండోదాని వైపే మొగ్గుతాను, కాని అది నా అభిప్రాయమని సినిమాలో చెప్పి తీరాలి. 1958లో హాస్యనటుడు గ్రౌచో మార్క్స్ టెలివిజన్ కార్యక్రమంలో ఆమె పియానో వాయిస్తూ పాడిన దృశ్యం నేటికీ ఉంది. సూటు లేదు, టోపీ లేదు. వేళ్లు మాత్రం పాత వేళ్లే. మీ సినిమాను అక్కడ మొదలుపెట్టినా తప్పు లేదు.

బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ కనిపించే సినిమా ఒక్కటే, 1929 నాటి 'సెయింట్ లూయిస్ బ్లూస్' అనే చిన్న చిత్రం. ఆమెకు స్త్రీలతో ఉన్న అనుబంధాల గురించి మనకు చాలావరకు తెలిసింది భర్త మేనకోడలు చెప్పిన జ్ఞాపకాల వల్లనే. అంటే స్టూడియో దస్తావేజుల కంటే ఇంట్లోవాళ్ల నోటిమాటే ఎక్కువ పట్టిచ్చింది. హాస్యనటి మామ్స్ మేబ్లీ తెర మీద పళ్లూడిన ముసలమ్మ. వేదిక దిగితే సూటులో తిరిగేదని తోటి కళాకారులు చెప్పారు. ఆమె 1948 నాటి 'బోర్డింగ్ హౌస్ బ్లూస్'లో కనిపిస్తుంది.

పోయాయనుకున్న రీళ్ల మీద కూడా ఆశ వదలకండి. నల్లజాతి దర్శకుడు ఆస్కర్ మిషో 1920లో తీసిన 'విదిన్ అవర్ గేట్స్' ప్రింటు దశాబ్దాల తర్వాత స్పెయిన్‌లో, వేరే పేరుతో, మాటలు చూపే కార్డులు స్పానిష్‌లో ఉండగా దొరికింది. అందువల్ల ఒక పేరుతో వెతికి లేదనుకోవద్దు. విదేశీ పేర్లతోనూ, పంపిణీదారు పేరుతోనూ వెతకండి. నాటి నల్లజాతి వారపత్రికలు షికాగో డిఫెండర్, ఆమ్‌స్టర్‌డామ్ న్యూస్‌లలో క్లబ్బుల ప్రకటనలు చూడండి. సినిమా టైటిల్స్‌లో లేని పేర్లు వాటిలో ఉండే అవకాశం ఎక్కువ. ఒక్క జాగ్రత్త: ఫలానా నటి 'అలాంటిదట' అన్న వదంతిని వదంతిగానే రాసుకోండి. డన్యే కల్పనను కల్పన అని చెప్పారు కాబట్టే ఆమె సినిమా నిలిచింది.

ప్రశ్న: ఆ లెక్కన మన రంగస్థలం మీద ఆడవేషాలు కట్టిన మగవారినీ ఈ క్వీర్ కళాకారుల చరిత్రలో చేర్చవచ్చునా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మహారాణిపేట

జవాబు: తొందరపడి చేర్చకూడదండీ. స్థానం నరసింహారావు గారు సత్యభామగా జడ విసిరితే హాలు ఊగిపోయేది, 1956లో పద్మశ్రీ కూడా వచ్చింది. అది ఆయన విద్య. వేషాన్ని బట్టి మనిషి మనసుకు పేరు పెట్టడం పరిశోధన కాదు. ఫే రిచర్డ్స్‌లా చెరిగిపోయిన నటికి మన దగ్గర పోలిక కావాలంటే మలయాళ మూకీలో నాయిక వేషం వేసిన పి.కె. రోజీని చూడాలి. దళిత స్త్రీ నాయర్ వనితగా కనిపించినందుకు జనం దాడి చేస్తే ఆమె ఊరు విడిచి పారిపోయింది, ఆ సినిమా రీలూ మిగల్లేదు. తెలుగులో వెతకదలచినవారు ముందుగా పాత సినిమా పాటల పుస్తకాలు పోగేయండి. రీలు పోయినా వాటి లోపలి అట్ట మీద పాత్రధారుల జాబితా ఉంటుంది. పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల పాత హాళ్లలో ప్రొజెక్టరు నడిపిన పెద్దలు ఉంటే, ఆ జాబితాలో లేని మొహాల గురించి వారినే అడగాలి.