విగ్నర్-విల్ చిత్రంలో సంకేతంలో లేని పౌనఃపున్యం ఎందుకు కనిపిస్తుంది, దాన్ని ఎలా తగ్గించాలి?

100, 200 హెర్ట్జ్ స్వరాలు రెండే ఉన్న సంకేతానికి విగ్నర్-విల్ పంపిణీ (ఏ సమయంలో ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో చూపే చిత్రం) గీస్తే 150 హెర్ట్జ్ దగ్గర మూడో గీత కనిపించడానికి కారణం, ఆ పంపిణీ సంకేతాన్ని దానితోనే గుణించి లెక్కకట్టడం. రెండు సంఖ్యల మొత్తాన్ని వర్గం చేస్తే వాటి లబ్ధానికి రెట్టింపు అదనంగా వచ్చినట్టే, ఇక్కడా రెండు అంశాల మధ్య వ్యతికరణ పదం పుడుతుంది. స్వరాల బలం సమానమైతే అది అసలు గీతలకు రెండింతల ఎత్తుకు లేస్తుంది. అయితే ఈ పదం పౌనఃపున్యాల తేడాకు తగ్గట్టు, అంటే సెకనుకు 100 సార్లు, ధన రుణ విలువల మధ్య ఊగుతుంది. అసలు గీతలు ఊగవు. కాబట్టి కాలం వెంట 10 మిల్లీసెకన్ల కంటే బాగా పొడవైన విండోతో, అంటే సగటు తీసే వ్యవధితో, సగటు తీస్తే అది చాలావరకు రద్దవుతుంది.

ఒకే పౌనఃపున్యంతో వేర్వేరు సమయాల్లో వచ్చే తునకల మధ్య పదమైతే పౌనఃపున్య దిశలో ఊగుతుంది కనుక సగటు ఆ దిశలో తీయాలి. ఈ రెండు విండోలనూ విడివిడిగా ఎంచుకోనిచ్చే స్మూత్డ్ సూడో విగ్నర్-విల్ పద్ధతినే మొదట ప్రయత్నించమంటాను. 1989 నాటి చోయ్-విలియమ్స్ కెర్నల్ (వ్యతికరణ పదాలను అణచడానికి వాడే భార ప్రమేయం) మంచిదే గానీ, ఒకే సమయంలో లేదా ఒకే పౌనఃపున్యంలో ఉన్న అంశాల మధ్య పదాలను పూర్తిగా అణచలేదు. పై ఉదాహరణ సరిగ్గా అలాంటిదే.

వీటన్నిటికంటే ముందు వాస్తవ సంకేతాన్ని హిల్బర్ట్ పరివర్తన అనే గణిత ప్రక్రియతో అనలిటిక్ సంకేతంగా, అంటే రుణ పౌనఃపున్యాలు లేని రూపంగా, మార్చాలి, లేకపోతే రుణ పౌనఃపున్యాల వల్ల సున్నా దగ్గర కూడా ఇలాంటి పదాలే పుడతాయి. కాలం వెంట సగటు పెంచేకొద్దీ కాల స్పష్టత తగ్గుతుంది గనుక, దగ్గరదగ్గరగా వచ్చే అంశాలు ఒకదానిలో ఒకటి కలిసిపోకముందే ఆపాలి.