పాప గదిలో బూజు గురించి

చి.ల.సౌ. అమ్మాయికి, కావలి నుంచి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

నెల్లూరులో మీ ఇంట పాప పడుకునే గదిలో, బీరువా వెనుక గోడ నల్లగా బూజు పట్టిందనీ, సంక్రాంతికి రంగు వేయిస్తే పోతుందా అనీ అడిగావు. ఇప్పుడు రంగు వేయించవద్దు. బూజు మీద వేసిన రంగు పెచ్చులుగా ఊడిపోతుంది; గోడలో చెమ్మ ఉన్నంతకాలం బూజు మళ్లీ వస్తూనే ఉంటుంది.

గోడ శుభ్రపడి పూర్తిగా ఆరేవరకు పాపను మీ దగ్గరే పడుకోబెట్టుకోండి. రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు, ఆయాసం ఏమైనా ఉంటే వెంటనే పిల్లల డాక్టరుకు చూపించి, గదిలో బూజు ఉన్న సంగతి కూడా చెప్పాలి. ఉబ్బసం ఉన్న పిల్లలకు బూజు వల్ల అది ఎక్కువవుతుంది. బూజు నలుపా, పచ్చనా అన్నది పట్టించుకోనక్కరలేదు, ఏదైనా తీసివేయవలసిందే.

ఇక అసలు సంగతి నీరు. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతోను, వాయుగుండాలతోను వస్తాయి కనుక, మిద్దె మీద నిలిచిన నీరు పిట్టగోడ మొదట్లోని నెర్రెల గుండా గోడలోకి దిగుతుంటుంది. అవతల స్నానాలగది ఉంటే పైపు అతుకులు, టైల్సు సందులు చూడాలి. ఏసీ నీళ్ల గొట్టం కూడా చూడాలి. బూజు లేని చోట గోడను పొడిగుడ్డతో తుడిచి, మూరెడు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో గాలి చొరకుండా అంటించి, ఒక రోజు తరువాత చూడు. కాగితం వెనుక, గోడ వైపున చెమ్మ పడితే నీరు గోడలో నుంచి వస్తున్నట్టు. గది వైపున పడితే గదిలోని గాలిలోనే తేమ ఎక్కువగా ఉన్నట్టు. వానాకాలంలో తడిబట్టలు ఆ గదిలో ఆరేయడం, బీరువాను గోడకు ఆనించి పెట్టడం ఈ రెండో దానికి కారణాలు.

బూజు మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పుకు మించకపోతే మీరే తీయవచ్చు. మించితే పనివాళ్లను పిలవండి. ఎన్‌95 మాస్కు, రబ్బరు చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని, ఫ్యాను ఆపి, తలుపు మూసి, కిటికీ తెరవాలి. ఆ గోడకు స్విచ్‌బోర్డు ఉంటే మెయిన్ కట్టేయాలి. పొడి చీపురుతో దులిపితే బూజు గదంతా లేస్తుంది. ముందు సబ్బునీళ్లతో తడిపి, ఆ తరువాతే బ్రష్‌తో రుద్ది, తుడిచి, ఆరబెట్టాలి. బ్లీచింగ్‌తో చంపినా చచ్చిన బూజు కూడా పడనివాళ్లకు పడదు కనుక, రుద్ది తీయడమే ముఖ్యం. స్నానాలగది కడిగే యాసిడ్‌ను బ్లీచింగ్‌తో ఎన్నడూ కలపవద్దమ్మా; విషవాయువైన క్లోరిన్ పుట్టి ఊపిరి ఆడకుండా చేస్తుంది.

బూజు పట్టిన పరుపు, దిండ్లు ఎంత ఖరీదైనవైనా పారవేయండి. ఎండలో వేసినా దూది లోపలికి దిగిన బూజు పోదు. ప్లాస్టిక్ బొమ్మలు కడిగి ఆరబెడితే చాలు.

మిద్దె పని పండుగ దాటాక ఎండలు ముదిరినప్పుడు పెట్టుకోండి. నెర్రెలు పూడ్చిన సిమెంటు గట్టిపడ్డాక, మిద్దె మీద ఒక రోజంతా నీళ్లు నిలబెట్టించి, కింద గోడ తడవలేదని చూసుకున్న తరువాతే మేస్త్రీకి మిగతా డబ్బు ఇవ్వండి. గోడ బాగా ఆరాక రంగు వేయించవచ్చు.