చాలా ఏళ్లు పనిచేసిన టీచర్లు రిటైరవుతుంటే పాత విద్యార్థులం ఏం చేస్తే బాగుంటుంది?

ఇద్దరు టీచర్లు రిటైరవుతున్నారు, ముప్ఫై ఏళ్ల సర్వీసు, చెన్నైలో ఎయిడెడ్ స్కూలు (యాజమాన్యం ప్రైవేటుది, జీతాలు ప్రభుత్వానివి) అని మీ ప్రశ్నలో రాశారు. నేనూ ఉత్తర చెన్నైలో తెలుగు మీడియంలో చదివినవాణ్ణే. ఇలాంటి వీడ్కోలు సభలు రెండు దగ్గరుండి చేయించాను. ఒకటి చేజేతులా చెడగొట్టాం, రెండోది కుదిరింది.

మొదటిది 2017లో, మా లెక్కల సార్‌ది. చందాలు బాగా పోగయ్యాయి, చిక్కంతా దాంతోనే వచ్చింది. హాలు, ఫ్లెక్సీ, చెన్నైలోని ప్యారిస్ కార్నర్ నుంచి గులాబీ దండలు, ముఖ్య అతిథిగా ఒక పెద్దమనిషి. ఆయన గంటన్నర ఆలస్యంగా వచ్చాడు. సార్‌కి షుగర్. దండ వేసి వేదిక మీద కూర్చోబెట్టామే గాని, రెండు ఇడ్లీలు పెట్టాలని ఒక్కడికీ తోచలేదు. అతిథిగారు నలభై నిమిషాలు తన గొప్పలే చెప్పుకున్నారు. సార్ వంతు వచ్చేసరికి వెనక ఆకులు వేస్తున్నారు, పాపం రెండు మాటల్లో ముగించేశారు. పదిహేడు శాలువాలు కప్పాం. వారం తర్వాత ఇంటికెళ్తే వాళ్లావిడ కాఫీ ఇస్తూ, "ఈ ఊరి ఎండకి ఇవి ఎప్పుడు కప్పుకోవాలి నాయనా?" అన్నారు. షీల్డు మీద ఇంటిపేరు తప్పు పడింది. ఆ మాట మాత్రం ఆవిడ ఎత్తలేదు.

రెండోది మా తెలుగు టీచర్‌ది. 2020 నవంబరుకి 58 నిండుతాయని ముందే లెక్కేసుకున్నాం. ఆ మే నెలలోనే తమిళనాడులో రిటైర్మెంట్ వయసు 59 చేశారు, మరుసటి ఏడాది 60 చేశారు. రెండుసార్లూ వాయిదా వేశాం. "పంపేయాలని మీకు తొందర, గవర్నమెంటుకి లేదురా" అని ఫోన్‌లో ఒకటే నవ్వు. తీరా 2022 నవంబరులో రిటైరైనా, పాఠాలు మధ్యలో ఆగకూడదని విద్యా సంవత్సరం చివరిదాకా మళ్లీ కొనసాగించారు. కాబట్టి డేట్ పెట్టేముందు స్కూలు ఆఫీసులో కనుక్కోండి. కాగితం మీద రిటైరయ్యే రోజు వేరు, బడికి ఆఖరుగా వచ్చే రోజు వేరు. మేం 2023 ఏప్రిల్లో చేశాం.

ఈసారి బుద్ధి తెచ్చుకుని ముందే ఇంటికెళ్లి, ఏం కావాలి టీచర్ అని అడిగాం. ఉంగరమో, పట్టుచీరో అనుకున్నాం. "స్టాఫ్ రూమ్ పక్కన రెండు బీరువాల తెలుగు పుస్తకాలున్నాయి కదా, నేను వెళ్లాక అవి పాత పేపర్లవాడికి పోకుండా చూడండి. అంతే" అన్నారు.

ఆ భయం ఊరికే రాలేదు. తమిళనాడులో 2006 చట్టంతో ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏటా ఒక్కో తరగతికీ తమిళం తప్పనిసరి చేస్తూ వచ్చారు. తమిళం వద్దని నేననను, నా పిల్లలూ చదువుతున్నారు. కానీ మా క్లాసులో నలభై మంది ఉండేవాళ్లం, టీచర్ ఆఖరి బ్యాచ్‌లో తొమ్మిదిమందే. ఆవిడ స్థానంలో మళ్లీ ఎవరూ రాలేదు.

సభ స్కూల్లోనే, క్లాస్‌రూమ్‌లో. టీ, వడ. బయటి అతిథులు లేరు. మాకు తలా మూడు నిమిషాలు, టీచర్‌కి ఎంతసేపైనా. ముప్పావుగంట మాట్లాడారు, అందులో సగం తిట్లే. అంతకుముందే ఏ చప్పుడూ లేకుండా మానేసిన ఆయమ్మని కూడా పిలిచి పక్కనే కూర్చోబెట్టాం. ఆవిడ మానేసినప్పుడు మాకెవరికీ తెలియనైనా తెలియదు, అది ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

డబ్బు సంగతి కూడా చూసుకోండి. మొదట్లో కొన్నేళ్లు మేనేజ్‌మెంట్ జీతం మీద పనిచేసి, 2003 ఏప్రిల్ నుంచి ఎయిడెడ్ పోస్టు దొరికినవాళ్లు పాత పెన్షన్ కిందికి రారు. మీ ఇద్దరిలో ఎవరైనా అలాంటివారైతే షీల్డు మానేసి ఆ డబ్బు కవర్లో పెట్టి ఇవ్వండి. అదీ స్టేజీ మీద కాదు, ఇంటికెళ్లి.

బీరువాలు మర్నాడు ఖాళీ చేశాం. కొన్ని చెదలు తినేశాయి, మిగతావి తెలుగు చదివే పిల్లలున్న ఇళ్లకి పంచాం. టీచర్ తీసుకున్నది అడుగున దొరికిన లైబ్రరీ రిజిస్టర్ ఒక్కటే. అక్కడే నిలబడి పేజీలు తిప్పి, 1996లో నా పేరు పక్కన ఎర్ర ఇంకుతో రాసిన "తిరిగి ఇవ్వలేదు" మీద వేలు పెట్టి చూపించారు.