ఇంటి మీదుగా విమానాలు: శబ్దంపై దావా వేయవచ్చా? కొట్టేయమన్న కొబ్బరిచెట్లకు పరిహారం వస్తుందా?

ప్రశ్న: మా ఊరు ఒక చిన్న విమానాశ్రయానికి ఆనుకుని ఉంది. రన్‌వే చివర నుంచి మా ఇల్లు సుమారు కిలోమీటరు దూరం. మా నాన్నగారు 1996లో కట్టిన డాబా ఇల్లు. అప్పట్లో రోజుకు ఒకటో రెండో చిన్న విమానాలు వచ్చేవి. రన్‌వే పొడిగించాక పెద్ద విమానాలు సరిగ్గా మా ఇంటి మీదుగానే దిగుతున్నాయి, కొన్ని రాత్రి పది దాటాక కూడా వస్తున్నాయి. మా అమ్మగారికి నిద్ర ఉండటం లేదు, గోడలకు బీటలు కూడా కనిపిస్తున్నాయి. ఇంతలో పోయిన వారం, మా పెరట్లో కాపుమీదున్న 14 కొబ్బరిచెట్లు ఎత్తు మించాయి కాబట్టి 15 రోజుల్లో ‘తొలగించాలి లేదా ఎత్తు తగ్గించాలి’ అంటూ విమానాశ్రయం నుంచి లేఖ వచ్చింది. అందులో పరిహారం ఊసే లేదు. డాబా మీద ఇంకో అంతస్తు వేద్దామంటే పంచాయతీ కార్యదర్శి విమానాశ్రయం ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తెమ్మంటున్నారు. వీటన్నింటి మీద కోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకోవచ్చా?
— ఒక పాఠకుడు, తూర్పు గోదావరి జిల్లా (పేరు, ఊరు ప్రచురించవద్దని కోరారు)

జవాబు: మీ ఉత్తరంలో శబ్దం గురించే ఎక్కువ రాశారు గానీ, ముందుగా చూడవలసింది కొబ్బరిచెట్ల సంగతి. శబ్దం విషయంలో చట్టం మీకు ఇచ్చిన అవకాశం తక్కువ, చెట్ల విషయంలో ఎక్కువ. పైగా చెట్ల లేఖకు గడువు నడుస్తోంది. ఆ గడువులోగా మీరు రాతపూర్వకంగా జవాబు ఇవ్వకపోతే, రేపు ఏ కోర్టుకు వెళ్లినా అవతలి న్యాయవాది అనే మొదటి మాట ‘అవకాశం ఇచ్చినా వీరు పలకలేదు’ అనే.

విమానాల భద్రత కోసం విమానాశ్రయం చుట్టుపక్కల కట్టడాల ఎత్తును, చెట్ల ఎత్తును నియంత్రించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఉంది. 1934 నాటి విమానాల చట్టంలో 9ఎ సెక్షన్ కింద ఉన్న ఈ అధికారం, ఆ చట్టం స్థానంలో 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్, 2024లోనూ కొనసాగుతోంది. అయితే ఆ అధికారాన్ని గెజిట్ నోటిఫికేషన్ ద్వారా వాడాలి. దాని వల్ల ఎవరికైనా నష్టం కలిగితే పరిహారం చెల్లించాలని కూడా అదే చట్టం చెబుతోంది. పరిహారం ఎంత అన్నదానిపై ఇరువర్గాలకూ ఒప్పందం కుదరకపోతే, హైకోర్టు న్యాయమూర్తిగా నియమితులయ్యే అర్హత ఉన్న వ్యక్తిని మధ్యవర్తిగా వేసి తేల్చాలన్నది పాత చట్టం 9బి సెక్షన్ చేసిన ఏర్పాటు. ఆ నిర్ణయం నచ్చకపోతే హైకోర్టుకు అప్పీలు చేసుకునే వీలు కూడా ఉండేది. కొత్త చట్టమూ పరిహారం హక్కును తీసేయలేదు. కాబట్టి లేఖలో పరిహారం మాట లేనంత మాత్రాన అది మీకు లేదని అనుకోనక్కర లేదు.

ఇక ఆ లేఖలోని ‘ఎత్తు తగ్గించాలి’ అన్న మాటను ఊరికే వదలకండి. మామిడికో వేపకో అయితే పై కొమ్మలు కొట్టి ఎత్తు తగ్గించవచ్చు. కొబ్బరిచెట్టుకు తల ఒక్కటే, మొవ్వు నరికితే చెట్టే పోతుంది. ఈ సంగతి గోదావరి జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర లేదు గానీ, ఢిల్లీలో ఫైలు చూసే అధికారికి చెప్పాలి. మీ విషయంలో ఎత్తు తగ్గించడమన్నా చెట్టును తొలగించడమన్నా ఒకటే కాబట్టి, పరిహారం పూర్తి చెట్టుకు, అది ఇంకా ఇవ్వగల కాపుకు లెక్కగట్టాలని మీ జవాబులో స్పష్టంగా రాయండి. చెట్ల వయసు, దింపుల పద్దు, కాయలు అమ్మిన చీటీలు ఉంటే జత చేయండి. భూసేకరణలో చెట్ల విలువ కట్టే ఉద్యాన శాఖ అధికారి చేత వీటికీ విలువ కట్టించమని అడగండి. అవి ఏ సంవత్సరంలో నాటినవో చూపడం అన్నిటికన్నా ముఖ్యం. నోటిఫికేషన్‌కు ముందే ఉన్న చెట్టుకు మీ వాదన బలంగా నిలుస్తుంది, నిషేధం వచ్చాక నాటిన మొక్కకు పరిహారం అడగటం చాలా కష్టం.

ఆ జవాబులోనే మరికొన్ని వివరాలు కోరండి. ఏ నోటిఫికేషన్ ప్రకారం ఈ లేఖ ఇచ్చారు, సర్వే ఎప్పుడు చేశారు, ఒక్కొక్క చెట్టు కొన ఎత్తు ఎంత, అక్కడ అనుమతించిన ఎత్తు ఎంత అన్నవి చెట్టువారీగా ఇమ్మనండి. ఇది కాలయాపన కోసం వేసే ప్రశ్న కాదు, మీ దూరంలో ఇదే అసలు తగవు. పెద్ద విమానాలు పరికరాల సాయంతో దిగే రన్‌వేకు, దాని చివర నుంచి 60 మీటర్ల అవతల మొదలై నూటికి రెండు వంతున పైకి లేచే ఒక ఊహాతలాన్ని గీస్తారు. దాన్ని ఏదీ పొడుచుకుని రాకూడదు. కిలోమీటరు దూరంలో ఆ తలం రన్‌వే మట్టానికి దాదాపు 19 మీటర్ల పైన ఉంటుంది. ముదురు దేశవాళీ కొబ్బరిచెట్టు 20 మీటర్లు దాటడం మామూలే. అంటే మీ పధ్నాలుగు చెట్లలో కొన్ని నిజంగానే ఎత్తు మించి ఉండవచ్చు, కొన్ని మించకపోవచ్చు. నేల పల్లంగా ఉంటే ఆ మేరకు మీకు కలిసివస్తుంది కూడా. అన్నింటినీ ఒకే గాటన కట్టి కొట్టేయమనడం చెల్లదు.

ఈ తొలగింపులకు 1994లో చేసిన నిబంధనల ప్రకారం, విమానాశ్రయ అధికారి ముందు నోటీసు ఇచ్చి, యజమాని చెప్పేది విని, విషయాన్ని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్‌కు నివేదించాలి. తుది ఉత్తర్వు అక్కడి నుంచి రావాలి. దాన్ని కూడా యజమాని పాటించకపోతేనే జిల్లా కలెక్టర్ ద్వారా అమలు చేయిస్తారు. మీకు వచ్చింది ఈ వరసలో మొదటి మెట్టులా కనిపిస్తోంది. ఈలోగా ఎవరైనా రంపంతో వస్తే తుది ఉత్తర్వు చూపమనండి. అది లేకుండా చెట్ల మీద చేయి వేస్తే, చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ హరించరాదన్న రాజ్యాంగ 300ఎ అధికరణ కింద అమరావతిలోని హైకోర్టులో రిట్ వేసి స్టే కోరవచ్చు. మీరు అడిగిన స్టేకు అవకాశం ఉన్నది ఇక్కడే. అయితే సర్వేలో ఎత్తు మించినట్టు తేలిన చెట్టును కాపాడటానికి ఏ న్యాయమూర్తీ విమానాన్ని పణంగా పెట్టరు, ఆ చెట్టుకు డబ్బు అడగటమే తెలివైన పని.

ఇప్పుడు శబ్దం సంగతి. ‘నా నేల మీది ఆకాశం నాది’ అన్న వాదన విమానాల విషయంలో మన కోర్టుల్లో నిలవదు. గాలి, వాతావరణం, పరిస్థితులన్నీ చూసుకుని సమంజసమైన ఎత్తులో విమానం ఎగిరితే, కేవలం అలా ఎగిరినందుకో, ఎగరడం వల్ల మామూలుగా కలిగే ఇబ్బందికో అతిక్రమణ (ట్రెస్‌పాస్) అనిగానీ ఉపద్రవం (న్యూసెన్స్) అనిగానీ సివిల్ దావా వేయరాదని 1934 చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. కొత్త చట్టంలోనూ ఆ రక్షణ ఉంది. మరి సమంజసమైన ఎత్తు అంటే ఎంత? దిగే విమానం సాధారణంగా మూడు డిగ్రీల వాలులో వస్తుంది, కిలోమీటరుకు సుమారు 52 మీటర్లు దిగుతుంది, రన్‌వే అంచును 15 మీటర్ల ఎత్తులో దాటుతుంది. ఆ లెక్కన మీ ఇంటి మీద అది 67 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. చూసేవారికి నెత్తిమీద వాలుతున్నట్టు అనిపించినా, దిగే విమానానికి అది ఉండవలసిన ఎత్తే. అందువల్ల రాకపోకలు ఆపమని గానీ దారి మళ్లించమని గానీ సివిల్ కోర్టులో ఇంజంక్షన్ దావా వేయవద్దని నా సలహా, కోర్టు ఫీజు దండగ. విమానం నుంచి ఏదైనా ఊడిపడినా, దాని వెనుక గాలి సుడికి పెంకులో రేకులో లేచిపోయినా అది వేరే విషయం. అటువంటిది జరిగితే ఆ రోజే ఫొటోలు, సమయం నమోదు చేసి విమానాశ్రయ డైరెక్టరుకు ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.

దావాకు వీలు లేకపోయినా శబ్దానికి హద్దు మాత్రం ఉంది. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల్లో నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లని ఉంటుంది, దీన్ని పట్టుకునే చాలామంది ఫిర్యాదు రాస్తారు. కానీ విమానాశ్రయ శబ్ద మండలానికి కేంద్ర పర్యావరణ శాఖ 2018 జూన్‌లో వేరే ప్రమాణాలు ప్రకటించింది. ఏడాదికి 50 వేలకు మించి రాకపోకలున్న విమానాశ్రయాలకు పగలు 70, రాత్రి 65. మీ పక్కనున్నటువంటి చిన్నవాటికి పగలు 65, రాత్రి 60. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు. ఇవి ఒక్క క్షణపు మోతకు పెట్టిన హద్దులు కావు, ఆ మొత్తం కాలానికి సగటు శక్తిని బట్టి కట్టే లెక్క. ఉదాహరణకు ఒక్కో విమానం అర నిమిషం పాటు 85 డెసిబెళ్ల మోత పెడుతుందనుకుందాం. పగటి పదహారు గంటల్లో అలాంటివి 12 వెళ్లినా సగటు 63 దగ్గరే ఆగుతుంది, అంటే మీ చెవులు చిల్లులు పడుతున్నా కాగితం మీద అంతా సవ్యమే. అదే రాత్రి ఎనిమిది గంటల్లో మూడు విమానాలకే సగటు 60కి చేరుతుంది, నాలుగోదానితో దాటుతుంది. కాబట్టి మీ ఫిర్యాదును పగటి విమానాల మీద కాకుండా రాత్రి పది తర్వాత వచ్చేవాటి మీద నిలపండి. తేదీ, సమయం, దిగిందా లేచిందా అన్నది నెల రోజుల పాటు ఒక నోటుపుస్తకంలో రాయండి. ఫోన్‌లోని యాప్ చూపే అంకె సాక్ష్యంగా నిలవదు, కాలుష్య నియంత్రణ మండలి చేత మీ ఇంటి దగ్గర కొలిపించమని అర్జీ పెట్టండి.

దీనితో పాటు ఒక సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టండి, ఖర్చు పది రూపాయలు. రన్‌వే విస్తరణకు ఇచ్చిన పర్యావరణ అనుమతి ప్రతి, అందులో శబ్దానికి సంబంధించిన షరతులు, ఆరు నెలలకోసారి సమర్పించవలసిన అమలు నివేదికలు అడగండి. రాజమహేంద్రవరం మధురపూడిలో రన్‌వేను సుమారు 1,750 మీటర్ల నుంచి 3,165 మీటర్లకు పెంచాక, 2024 డిసెంబరు నుంచి ముంబయి, ఢిల్లీలకు ఎయిర్‌బస్ విమానాలు నడుస్తున్నాయి. చిన్న విమానాశ్రయాలు పెద్దవవుతున్న తీరు ఇదే. పెరిగేటప్పుడు ఒప్పుకున్న షరతులు కాగితం మీద ఉంటాయి, వాటిని తిరగేసే అలవాటు మనకు లేదు. షరతు ఉల్లంఘన గానీ హద్దు దాటిన కొలత గానీ చేతికి వస్తే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనానికి వెళ్లవచ్చు. వివాదానికి కారణం తొలిసారి ఏర్పడిన నాటి నుంచి ఆరు నెలల్లో దరఖాస్తు వేయాలి, తగిన కారణం చూపితే మరో 60 రోజులు ఇస్తారు. నష్టపరిహారం ఒక్కటే కోరేట్టయితే ఐదేళ్ల గడువుంది. ఢిల్లీ విమానాశ్రయ శబ్దంపై చుట్టుపక్కలవారి ఫిర్యాదులను ఆ ట్రిబ్యునల్ విచారించింది కూడా. ట్రిబ్యునల్‌కు వెళ్తే విమానాలు ఆగిపోతాయని ఆశించకండి, కొలతలు తీయించడం, రాత్రి వేళల్లో సర్దుబాట్లు వంటివి అడిగితే ఫలితం ఉండవచ్చు.

గోడల బీటల గురించి ఎక్కువ చెప్పలేను. ముప్పై ఏళ్ల ఇంటికి పునాది కుంగినా, నల్లరేగడి నేల ఉబ్బి తగ్గినా బీటలు వస్తాయి. అవి విమానాల వల్లే వచ్చాయని స్ట్రక్చరల్ ఇంజనీరు రాసి ఇవ్వగలిగితేనే ఆ మాట ఎత్తండి.

అంతస్తు విషయంలో కార్యదర్శి అడిగింది సబబే. 2015 నాటి ఎత్తు పరిమితి నిబంధనల కింద విమానాశ్రయాల చుట్టూ రంగుల పటాలు తయారు చేశారు. ఎర్ర రంగులో ఉన్న స్థలానికి ఎంత చిన్న కట్టడమైనా ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నుంచి ఎన్‌ఓసీ తేవాలి, మిగిలిన రంగుల్లో అక్కడ రాసిన ఎత్తు వరకు స్థానిక సంస్థే అనుమతి ఇవ్వవచ్చు. కిలోమీటరు దూరంలో మీది ఎర్ర రంగులోనే ఉండే అవకాశం ఎక్కువ. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. స్థలం నాలుగు మూలల అక్షాంశ రేఖాంశాలు, నేల మట్టం సర్వేయరు చేత కొలిపించి ధ్రువీకరించాలి. వచ్చే పత్రంలో ఎత్తు సముద్రమట్టం నుంచి ఉంటుంది, నేల నుంచి కాదు. ఉదాహరణకు మీ నేల సముద్రమట్టానికి 45 మీటర్ల మీద ఉండి, పత్రంలో 60 అని ఉంటే మీరు లేపగలిగేది 15 మీటర్లే. ఆ 15లో వాటర్ ట్యాంకు, మెట్లగది, డిష్ యాంటెన్నా అన్నీ కలిసే ఉంటాయి. కొత్త విమానాశ్రయాల చోటైన భోగాపురం, మామునూరు చుట్టుపక్కల స్థలాలు కొంటున్నవారు కూడా అడ్వాన్సు ఇచ్చే ముందు ఈ తీసివేత చేసి చూసుకోవాలి. మీరు వేయదలచిన ఒక్క అంతస్తుతో ఇల్లు ఏడెనిమిది మీటర్లకు మించదు కాబట్టి, నేల మరీ మెరకగా ఉంటే తప్ప ఎన్‌ఓసీ రావడానికి ఇబ్బంది ఉండకూడదు. నిరాకరించినా, అడిగినదాని కంటే తక్కువ ఎత్తు ఇచ్చినా అప్పీలు కమిటీకి వెళ్లవచ్చు. పత్రం చేతికి రాకముందు మాత్రం శ్లాబు పని మొదలుపెట్టకండి, చెట్ల పరిహారం అడుగుతున్న సమయంలో అనుమతి లేని కట్టడం ఒకటి మీ పేరున ఉంటే ఆ ఫైలుకే చేటు.