టెక్ సందేహాలు: కదలని బొమ్మ తిరుగుతున్నట్టు కనిపించేదెలా?

ఈసారి అందిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం దృష్టిభ్రమ చిత్రాల గురించే కనుక ఈ శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాను. వీటికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. రంగుల విలువలను కచ్చితంగా ఎంచుకుని, చివరి ఫైల్ దాకా అవి చెదరకుండా కాపాడుకోవడమే ఇందులోని అసలు నైపుణ్యం.

ప్రశ్న: నాకు వచ్చిన ఒక చిత్రంలో చక్రాలు మెల్లగా తిరుగుతున్నట్టు కనిపిస్తున్నాయి. ఇది నిజంగా స్థిరచిత్రమేనా? ఇలాంటిది నేను గీయగలనా?

జవాబు: స్థిరచిత్రమో కాదో మీరే పరీక్షించవచ్చు. ఒక చక్రం మధ్యబిందువు మీద చూపు నిలిపి, కొన్ని క్షణాలు కదల్చకుండా ఉంచండి. భ్రమ అయితే తిరగడం మందగిస్తుంది, చూపు పక్కకు జరపగానే మళ్లీ మొదలవుతుంది. నిజమైన యానిమేషన్ మీ చూపు ఎక్కడున్నా ఒకే వేగంతో నడుస్తుంది.

ఈ కోవలో ప్రపంచమంతా ఎరిగిన చిత్రం ‘రొటేటింగ్ స్నేక్స్’. జపాన్‌లోని రిత్సుమేకన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర ఆచార్యుడైన అకియోషి కితావోకా దానిని 2003లో రూపొందించారు. నలుపు, నీలం, తెలుపు, పసుపు అనే నాలుగు రంగులు అదే వరుసలో వలయం పొడవునా పునరావృతమవుతాయి, కదలిక కూడా ఆ వరుస సాగే దిశలోనే కనిపిస్తుంది. ఇక్కడ పనిచేసేది ప్రధానంగా రంగు కాదు, వెలుగులోని హెచ్చుతగ్గులు. అందుకే చిత్రాన్ని నలుపు తెలుపుల్లోకి మార్చినా చక్రాలు తిరుగుతూనే ఉంటాయి. బలమైన వెలుగు తేడాలు, బలహీనమైన తేడాలు మెదడుకు ఒకే వేగంతో అందవని, కన్ను కదిలిన ప్రతిసారీ, రెప్ప వాల్చిన ప్రతిసారీ ఏర్పడే ఆ వ్యవధిని మెదడు కదలికగా అర్థం చేసుకుంటుందన్నది పరిశోధకులు ఇచ్చే ప్రధాన వివరణల్లో ఒకటి.

గీయడానికి ఇంక్‌స్కేప్ వంటి ఉచిత వెక్టర్ సాఫ్ట్‌వేర్ (గీతలు, ఆకారాలతో బొమ్మలు గీసేది) చాలు. ఒక వలయంలో 3 డిగ్రీల వెడల్పు గల నాలుగు ముక్కలను పైన చెప్పిన రంగుల వరుసలో గీసి, ఆ 12 డిగ్రీల గుంపును నకలు చేస్తూ 30 సార్లు తిప్పితే వలయం పూర్తవుతుంది. పక్క చక్రంలో వరుసను తిరగేస్తే అది ఎదురుదిశలో తిరుగుతుంది. నీలం, పసుపు ఎంచుకున్నాక చిత్రం నకలు ఒకదాన్ని నలుపు తెలుపుల్లోకి మార్చి చూడండి. నలుపు, ముదురు బూడిద, తెలుపు, లేత బూడిద అనే వరుస స్పష్టంగా కనిపించకపోతే రంగులను సరిదిద్దాలి. ఈ భ్రమ చూపు అంచుల్లోనే బలంగా ఉంటుంది కాబట్టి ఒక్క చక్రంతో ఆగకుండా తొమ్మిదో పన్నెండో గీయండి, వీలైతే పెద్ద తెర మీద చూడండి. కొందరికి ఎంత చూసినా కదలిక కనిపించదు, దానికి మీ చిత్రాన్ని తప్పు పట్టనక్కరలేదు.

ప్రశ్న: చదరంగపు పలక మీద నీడ పడిన చిత్రంలో వేర్వేరుగా కనిపించే రెండు గడులు ఒకే రంగువని అంటున్నారు. కలర్ పికర్ (తెర మీద ఏ చోటైనా రంగు విలువను చూపే పరికరం) కూడా అదే చూపిస్తోంది. పికర్‌ను నమ్మాలా, కంటినా?

జవాబు: విలువ విషయంలో పికర్‌నే నమ్మాలి. అది ఎంఐటీ ఆచార్యుడు ఎడ్వర్డ్ ఆడెల్సన్ 1995లో ప్రచురించిన చిత్రం. తెర నుంచి ఎంత వెలుగు వస్తోందని మెదడు కొలవదు. నీడలో ఉన్న ఆ గడి అసలు రంగు ఏమై ఉంటుందని అంచనా వేస్తుంది, నిత్యజీవితంలో మనకు పనికివచ్చేది ఆ అంచనాయే. కనుక దీనిని కంటి లోపమని అనడం నాకు సమ్మతం కాదు.

మీరే తయారు చేసి చూస్తే విషయం ఇంకా బాగా బోధపడుతుంది. లేత గడులకు 200, ముదురు గడులకు 120 విలువ గల బూడిద రంగు నింపండి (0 అంటే నలుపు, 255 అంటే తెలుపు). పైన 153 విలువ గల లేయర్‌ను (పొరను) నీడ ఆకారంలో పెట్టి, కింది రంగును ఆ నిష్పత్తిలో ముదురు చేసే మల్టిప్లై మోడ్‌లో ఉంచండి. 153 అంటే 255లో 60 శాతం, 200లో 60 శాతం 120. అంటే నీడలోని లేత గడి, వెలుగులోని ముదురు గడి సమానమవుతాయి. గింప్ అనే ఉచిత ఫొటో ఎడిటర్ కొత్త వెర్షన్లలో ఈ మోడ్ లీనియర్ పద్ధతిలో లెక్కిస్తుంది కాబట్టి 120 రాకపోతే ఆ లేయర్‌కున్న బ్లెండ్ స్పేస్ అనే అమరికను పర్సెప్చువల్‌కు మార్చండి. నీడ అంచులను బ్లర్ చేయడం మరవకండి, ఎందుకంటే అది నీడేనని మెదడు నమ్మడానికి ఆ మెత్తని అంచే ఆధారం. చివరగా 120 విలువతోనే ఒక పట్టీ గీసి రెండు గడులనూ కలిపితే, చూసేవారికి వేరే రుజువు అక్కరలేదు.

ప్రశ్న: దగ్గర నుంచి ఒక ముఖం, దూరం నుంచి మరో ముఖం కనిపించే చిత్రం ఎలా చేస్తారు?

జవాబు: వీటిని హైబ్రిడ్ చిత్రాలంటారు. ఆడ్ ఒలీవా, ఆంటోనియో టొరాల్బా, ఫిలిప్ షిన్స్ 2006లో ఈ పద్ధతిని వివరించారు. దూరం నుంచి కనిపించాల్సిన ముఖానికి గాసియన్ బ్లర్ (వివరాలను మసకబార్చేది), దగ్గర నుంచి కనిపించాల్సిన ముఖానికి హై పాస్ ఫిల్టర్ (సన్నని వివరాలను మాత్రమే మిగిల్చేది) వేసి, రెండో దాన్ని గ్రెయిన్ మెర్జ్ లేదా ఓవర్‌లే అనే లేయర్ మోడ్‌లో పైన పెట్టాలి. కళ్లు, నోరు ఒకే చోట కుదరకపోతే ఎంత బ్లర్ చేసినా ఫలితం రాదు. గది అవతలికి వెళ్లి చూడనక్కరలేదు, చిత్రాన్ని బాగా చిన్నది చేస్తే చాలు.

ప్రశ్న: నేను గీసింది కంప్యూటర్‌లో బాగానే ఉన్నా, పంపాక భ్రమ తగ్గిపోతోంది. కారణమేమిటి?

జవాబు: చాలా మెసేజింగ్ యాప్‌లు చిత్రాన్ని కుదించి జేపెగ్‌గా మారుస్తాయి. అప్పుడు పదునైన అంచులు చెదిరి, సన్నని గీతల మధ్య లేని అలలు పుడతాయి. వివరాలు పోకుండా దాచే పీఎన్‌జీ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి.

ప్రశ్న: ఏఐ టూల్‌ను అడిగితే తిరిగే చక్రాల బొమ్మ ఇచ్చింది కాని అది తిరగడం లేదు. ఎందుకు?

జవాబు: ఆ టూల్ పైరూపాన్ని నేర్చుకుంది కాని, వెలుగు వరుసను ప్రతి ముక్కలోనూ తప్పకుండా పాటించాలన్న నియమం దానికి లేదు. పికర్‌తో నాలుగైదు చోట్ల కొలిస్తే వరుస ఎక్కడ తప్పిందో మీకే తెలుస్తుంది. ఈ రకం చిత్రాలకు ఏఐని నేను సిఫారసు చేయను. అయితే ఒక దృశ్యంలో మరో ఆకారాన్ని దాచడం, తలకిందులు చేస్తే వేరే బొమ్మగా మారడం వంటివి డిఫ్యూజన్ మోడళ్లు (చిత్రాలు సృష్టించే ఒక రకం ఏఐ) చక్కగా చేయగలవు. తలకిందుల బొమ్మల పద్ధతిని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో వెలువరించారు.

ప్రశ్న: ఇలాంటి చిత్రాలు చూస్తే మా అబ్బాయికి తల తిరుగుతోంది. ప్రమాదమా?

జవాబు: గాఢమైన నలుపు తెలుపు చారలు చాలామందికి తాత్కాలికంగా అసౌకర్యం కలిగిస్తాయి, చూడటం ఆపేస్తే అది తగ్గిపోవాలి. తగ్గకపోయినా, ఇంట్లో ఎవరికైనా మూర్ఛ ఉన్నా వైద్యుణ్ణి సంప్రదించి, అంతవరకు వీటిని చూపించకండి. చిత్రాలు తయారు చేసేవారు వెబ్ సౌలభ్య ప్రమాణాల్లోని ఒక నియమాన్ని తప్పక పాటించాలి: తెర మీద ఏదీ ఒక సెకనులో 3 సార్లకు మించి మెరవకూడదు.